మా నాయిన లెక్కలో అరుగుదల

మా నాయిన లెక్కల పుస్తకంలో నాలుగు గడులుండేవి. మొదటి గడిలో మనిషి పేరు, ఊరు. రెండో గడిలో నగ. మూడో గడిలో తూకం. నాలుగో గడి పైన ఎర్ర సిరాతో "అరుగుదల" అని రాసి ఉండేది.

మాది పాలమూరు జిల్లా ఆత్మకూరు, ఇప్పుడు వనపర్తి జిల్లాలోకి వచ్చింది. అవుసుల ఇల్లు, అంటే వెండి, బంగారం పని చేసే కంసాలుల ఇల్లు. మా తాత చేసిన నగ ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ మా దుకాణానికే వస్తే నాయిన తాత పుస్తకం తీసి అప్పటి తూకం చూసేవాడు. త్రాసులో వేసి ఇప్పటి తూకం చూసేవాడు. రెండింటి తేడా నాలుగో గడిలో రాసేవాడు. అమ్మడానికి వచ్చినవాళ్లకు అది నష్టం. నలభై తులాల కడియాల జత ముప్పై ఎనిమిదిన్నరే తూగితే, తులమున్నర ఎక్కడికి పోయిందని అడిగేవాళ్లు. "నడిచినవు గదమ్మా, తొవ్వల పోయింది" అనేవాడు నాయిన.

చిన్నప్పుడు నా పని కుంపటి దగ్గర. బొగ్గులు సర్దడం, పట్టుకారు అందించడం, లోహం మురికి తీసే వెలిగారం పొడి చేసి పెట్టడం. కడియం కరగడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ముందు గీతలు పోతాయి. మూసలో, అంటే లోహం కరిగించే గిన్నెలో, ఎర్రబడుతుండగానే పువ్వుల చెక్కుడు చెదిరిపోతుంది, అంచులు కుంగుతాయి, ఉన్నట్టుండి అంతా ఒక గుండ్రని బొట్టై వణుకుతుంది. వెలిగారం చల్లితే మురికి పక్కకు జరిగి నడిమధ్య అద్దంలా మెరుస్తుంది. చిన్నపిల్లకు అది చాలా బాగుండేది. కరిగింది ఎవరి కడియమో అనే ఆలోచన అప్పుడు లేదు.

ఆ ఆలోచన మొదటిసారి వచ్చిన రోజు మాత్రం గుర్తుంది. నేను ఏడో తరగతి. దేవరకద్ర దిక్కు నుంచి ఒకాయన చనిపోయిన తల్లి కడియాలు తెచ్చాడు. నాయిన రెండింటినీ విడివిడిగా తూచాడు. ఒకటి ఇంకోదానికంటే దాదాపు ముప్పావు తులం తక్కువ. రెండింటినీ వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "మీ అమ్మ కుడికాలు ఈడ్చి నడిచేదా?" అని అడిగాడు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెండ్లికి ముందే బాయిల పడి కాలు ఇరిగిందంట" అన్నాడు. తక్కువ తూగిన కడియం కింది అంచు ఒకే పక్క చదునుగా, నున్నగా అరిగి ఉంది. మట్టినేల మీద, బండల మీద యాభై ఏళ్లు రాసుకున్న అరుగుదల అది. ఆయన డబ్బులు తీసుకొని వెళ్లిపోయాక నాయిన ఆ కడియాలను మూసలో వేయలేదు. ఎందుకు వేయలేదని నేను అడగలేదు.

1996లో నాయిన పోయాడు. దినాలయ్యాక దుకాణం సర్దుతుంటే నగలు పెట్టి కొట్టే దాగలి వెనక గూట్లో పాత డాల్డా డబ్బా దొరికింది. అందులో పద్నాలుగు పొట్లాలు. పాత క్యాలెండర్ కాగితాల్లో కట్టి, ప్రతి పొట్లం మీద తూకం, ఊరు రాసి ఉన్నాయి. దేవరకద్ర కడియాలు వాటిలో ఉన్నాయి. ఒక దండకడియం, ఒక నాగరం, గజ్జెల మొలతాడు, చిన్న బులాకీ, జంగమోళ్ల ఇంటి నుంచి వచ్చిన, లోపల లింగం పెట్టి మెడలో వేసుకునే వెండి లింగకాయ కూడా ఉన్నాయి. పుస్తకం తీసి చూస్తే ఆ పద్నాలుగు వరుసల మీద అడ్డంగా "కరిగించలేదు" అని రాసుకున్నాడు. కరిగించకపోతే ఆ డబ్బు రాదు. అమ్మినవాళ్లకు తన చేతి నుంచి ఇచ్చి తాను పెట్టుకున్నాడన్నమాట. ఇంటి పైకప్పు కారుతున్న రోజుల్లో ఇది జరిగింది. అమ్మకు ఆ డబ్బా సంగతి తెలుసు. "రెండుసార్లు అడిగిన, మూడోసారి అడగలే" అంది.

నాకు చాలా రోజులు అర్థం కాని విషయం ఒకటుంది. ఆ పద్నాలుగూ గొప్ప పనితనం ఉన్నవి కావు. నాయిన చేతిమీదుగా కరిగిపోయినవాటిలో వాటికంటే మంచివి ఎన్నో ఉండి ఉంటాయి. రాళ్లు పొదిగినవి లేవు, కుందనం పని లేదు. ఒకరోజు అన్నీ బల్ల మీద పరిచి పుస్తకంతో సరిచూస్తుంటే తట్టింది. నాలుగో గడిలో పెద్ద అంకెలున్నవాటినే ఆయన దాచాడు. బాగా అరిగినవి. లింగకాయ మీద చెక్కిన నంది చేతికి తగలదు, కంటికి నీడలా మాత్రమే కనిపిస్తుంది. రోజూ పూజకు ముందు పట్టుకొన్న బొటనవేలు ఆ నందిని తుడిచేసింది.

నేను సోషల్ టీచర్‌ని. దేవరకొండ దగ్గర కొన్నేళ్లు, కొల్లాపూర్‌లో కొన్నేళ్లు, చివరికి మహబూబ్‌నగర్‌లో పనిచేసి 2021లో రిటైరయ్యాను. పాత వస్తువులు పోగుచేయడం ఆ డబ్బాతోనే మొదలైంది. నా దగ్గర ఇప్పుడు నూటికి పైగా ఉన్నాయి. అన్నీ వెండి, ఇత్తడి, కంచు. బంగారం కొనే స్తోమత నాకు లేదు. ఎక్కువ శాతం కరిగింపుకు పోయే వస్తువులే. వెండి కొట్లవాళ్లకు ముందే చెప్పి పెట్టుకున్నాను: పాత కడియం, కంటె, కుంకుమ భరిణె, అడకత్తెర, సున్నపు డబ్బీ ఏది వచ్చినా మూసలో వేసేముందు ఒక ఫోన్ చేయమని. కరిగిస్తే వాళ్లకు వచ్చేదానికంటే కొంత ఎక్కువ ఇస్తాను.

ఒక్కటి మాత్రం కొనను. పుస్తెలు. నాయిన పాత పుస్తెలు వస్తే ఆ రోజే, మనిషి గడప దాటకముందే కరిగించేవాడు. రాత్రి ఇంట్లో ఉంచేవాడు కాదు. నేనూ ఉంచను.

2009లో ఒక కొట్టు నుంచి ఫోన్ వస్తే పోయి చూశాను. రూపాయల పేరు, అంటే మెడలో వేసుకునే రూపాయల దండ. ఇరవై ఒక్క వెండి రూపాయలకు కొక్కేలు టంకం వేసి నల్లదారానికి గుచ్చారు. అన్నీ హాలీ సిక్కాలు, నిజాం రూపాయలు. ఒకవైపు చార్మినార్ బొమ్మ ఉంటుంది. దాని దర్వాజా నడుమ చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలపు రూపాయి అయితే మీమ్, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపుదైతే అయిన్. మా పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అని పేరొచ్చింది ఆ మహబూబ్ పేరు మీదనే. ఇరవై ఒకటిలో నాలుగు మీమ్‌లు, మిగతావి అయిన్‌లు. ఉర్దూ టీచర్ గారి సాయంతో భూతద్దం పెట్టి హిజ్రీ సంవత్సరాలు చదివాం. అన్నిటికంటే కొత్తది 1343, అంటే మన లెక్కన 1924-25. పాత నాణెం ఎంత పాతదైనా, పేరు గుచ్చింది మాత్రం ఆ చివరి నాణెం తర్వాతనే. పాత రూపాయి కనబడగానే "నూటయాభై ఏండ్ల సొమ్ము" అని చెప్పేవాళ్లు ఈ చిన్న సంగతి చూడరు.

అయితే నేను ఆ పేరు కొన్నది తేదీ కోసం కాదు. ప్రతి రూపాయికీ ఒకవైపే అరిగింది. చార్మినార్లు స్పష్టంగా ఉన్నాయి, మీనార్లు లెక్కపెట్టొచ్చు. వెనకవైపు రాత సగం పోయింది. చేతులు మారిన నాణెం రెండు వైపులా ఒకేలా అరుగుతుంది. ఇవి ఒకవైపే అరిగాయంటే పేరు గుచ్చాక అరిగినట్టు. ఎవరో ఒకామె చార్మినార్ పైకి కనిపించేటట్టు వేసుకుని, వరి నాటేటప్పుడు, నీళ్లు మోసేటప్పుడు, పిల్లను చంకనెత్తుకున్నప్పుడు ఆ వెనకవైపు ఆమె రవికెకూ ఒంటికీ రాసుకుంటూ పోయింది. ఆమె ఎవరో కొట్టు ఆయనకు తెలియదు. అమ్మినవాళ్లు పేరు చెప్పలేదట. కనీసం ఊరైనా అడిగి పెట్టుకోమని అప్పటినుంచి కొట్లవాళ్లకు చెబుతున్నాను. కొందరు అడుగుతున్నారు.

దేవరకొండ దగ్గర పనిచేసినప్పుడు మా బడి ఆయా లంబాడీ తల్లి. జుట్టు పక్కన వేలాడే ఘుగ్రీలు ఆమె తల తిప్పినప్పుడల్లా చిన్నగా మోగేవి. నాకు అవంటే ఎంత ఇష్టమో ఆమెకు తెలుసు. ఒకరోజు సంతలో నాలుగు ఘుగ్రీలు కనబడితే కొనబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకొని ఆపింది. ఘుగ్రీ, జుట్టుకే కట్టుకునే టోప్లీ మొగుడున్న ఆడమనిషి గుర్తులని, మొగుడు పోతేనే దిగుతాయని చెప్పింది. "టీచరమ్మా, ఇవి అంగడికొచ్చినయంటే ఏదో తండల ఒకామె ఏడ్చిందన్నట్టు." ఆ రోజు కొనలేదు. తర్వాత కొన్నాను, నేను కొనకపోతే అవి కరిగిపోతాయి కదా అని చాలా రోజులు నాతో నేను వాదించుకొని కొన్నాను. నా పుస్తకంలో వాటి పక్కన ఆమె మాటే రాసి పెట్టాను.

మన దగ్గర పాత నగలు ఎందుకు ఇంత తక్కువగా దొరుకుతాయో అవుసుల ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. తల్లి నగ కూతురు పెళ్లికి కరుగుతుంది, కూతురి నగ మనవరాలి పెళ్లికి. అదే బంగారం ఎన్ని తరాలు తిరుగుతుందో, రూపం మాత్రం ఒక్క తరమే నిలుస్తుంది. అందుకే ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల కిందటి నగ చూడాలంటే కొట్టుకు పోతే లాభం లేదు, గుడికి పోవాలి. దేవరకొండ పిల్లలను ఒకసారి నల్లగొండ పక్కన పానగల్లుకు తీసుకుపోయాను. పిల్లలందరూ ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పొద్దంతా కదలకుండా నిలిచే నీడ చూడటానికి ఉరికారు. నేను పచ్చల సోమేశ్వరాలయం స్తంభాల దగ్గరే ఆగిపోయాను. కందూరు చోడులు రాజధాని చేసుకొని ఏలిన ఊరు అది. నల్లరాతిలో నిలబడ్డ ఆడవాళ్ల కాళ్లు చూశాను. గుండ్రని కడియం, దాని మీద మరో సన్న కడియం. మెడలో కంటె. నడుముకు వేలాడే సరాలు. మా నాయనమ్మ కాళ్లకు చూసిన కడియమే అది, నోరు తెరిచి ఉండేచోట మొగ్గతో సహా. ఆ రోజుల్లోని అసలు వెండి కడియం ఒక్కటి కూడా నేను చూడలేదు. ఎన్నిసార్లు కరిగి ఏ రూపంలో ఎవరి కాలికి ఉందో. రాతి కడియం మాత్రం చెక్కిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. పక్కనే ఉన్న మ్యూజియంలో కూడా నేను దేవతల ముఖాలు తర్వాత, నగలు ముందు చూస్తాను. మీరు ఎప్పుడైనా పోతే ఒక గంట అదనంగా పెట్టుకోండి.

ఇంకోచోట పాత నగలు నిలుస్తాయి. దేవుడి మీద. మా ఆత్మకూరు నుంచి కార్తీకంలో కురుమూర్తి స్వామి ఆభరణాలు ఊరేగింపుగా కురుమూర్తి కొండకు పోతాయి. చిన్నప్పుడు నాయిన నన్ను భుజం మీద ఎక్కించుకొని చూపించేవాడు. జనం దండం పెడుతుంటే ఆయన దండం పెట్టి, తర్వాత కళ్లు చిన్నవి చేసి అంచులు చూసేవాడు. "ఏడాదికి ఒక్కపారి కట్టే సొమ్ముకు అరుగుదలుండదు బిడ్డా" అనేవాడు.

అరుగుదల చూడటం వచ్చని అనుకుంటున్న నేను కూడా ఒకసారి మోసపోయాను. 2012లో. హైదరాబాద్‌లో ఒక పాత వస్తువుల దుకాణం. ఏడంగుళాల కంచు లక్ష్మీనరసింహుడు. అలంపురం దగ్గర ఒక పాత ఇంటి పూజగదిలోదని, మూడు వందల ఏళ్లదని చెప్పారు. జూలు నడుమ, లక్ష్మి కొంగు మడతల్లో ఆకుపచ్చ చిలుము. అలంపురం అనగానే నా మనసు మెత్తబడింది. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు నాకు ప్రాణం. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిపోయే గుళ్లను రాయి రాయి విప్పి తెచ్చి అక్కడ మళ్లీ కట్టారు. ఆ నేల నుంచి వచ్చిన దేవుడు అనుకున్నాను. ముప్పై ఎనిమిది వేలు ఇచ్చాను. ఆ రోజుల్లో నాకు అది చిన్న మొత్తం కాదు.

ఇంటికి తెచ్చాక మూడు రోజులు నిద్ర పట్టలేదు. ఏదో తేడా ఉంది, ఏమిటో తెలియడం లేదు. నాలుగో రోజు నాయిన లాగా వెలుతురులో తిప్పి చూశాను. నరసింహుడి ముక్కు పదునుగా ఉంది. గోళ్లు పదునుగా ఉన్నాయి. కిరీటం కొన నిన్న చెక్కినట్టుంది. పీఠం అడుగు మాత్రం నున్నగా, వందేళ్లు తోమినట్టుగా అరిగి ఉంది. పూజలో ఉన్న విగ్రహానికి ముందు అరిగేది ముక్కు, బొజ్జ, మోకాళ్లు, కిరీటం అంచు. చింతపండు పట్టుకున్న చెయ్యి తగిలేవి అవే. పీఠం అడుగు ఎవరు తోముతారు? మడతల్లో కూడా చిలుము కాదు ఉండాల్సింది. ఏళ్ల తరబడి నూనె, గంధం, కుంకుమ కలిసి గట్టిపడిన నల్లటి మట్టు ఉంటుంది, సూదితో గీకితే వాసన వస్తుంది. ఇక్కడ పచ్చపొడి. గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి తుడిస్తే పొడి దూదికి వచ్చేసింది. కొత్త విగ్రహానికి యాసిడ్ పూసి, ఉప్పు కలిపిన మట్టిలో పాతిపెట్టి పాతదనం తెప్పిస్తారని తర్వాత తెలిసింది.

రెండు నెలల తర్వాత ఇంకో దుకాణం అద్దంలో అదే నరసింహుడు కనిపించాడు. నా దగ్గరున్న దాని చక్రం అంచున చిన్న నొక్కు ఉంది. దీనికీ అదే చోట అదే నొక్కు. మైనపు పోత పద్ధతిలో మైనంతో బొమ్మ చేసి, మట్టి కప్పి, కాల్చి, మైనం కారిపోయిన ఖాళీలో లోహం పోసి, చివరికి మట్టి పగలగొట్టి తీస్తారు. చేత్తో చేసిన ప్రతి బొమ్మకూ వేరే మైనం, వేరే మట్టి. రెండు బొమ్మలకు ఒకే నొక్కు రాదు. ఆ మైనాలు ఒకే అచ్చులో తీసినవి. డబ్బు తిరిగి రాలేదు. ఆ నరసింహుణ్ని పారేయలేదు కూడా. పాత వస్తువులు కొనాలని ఎవరైనా నా దగ్గరికి వస్తే మొదట ఆయన్ను వాళ్ల చేతికిచ్చి, ఎక్కడ అరిగిందో చూడమంటాను.

రాతి శిల్పాలు నేను కొనను. కొనాలని అనిపించలేదని మాత్రం చెప్పను.

2016 ఎండాకాలం. మిషన్ కాకతీయ కింద చెరువులో పూడిక తీస్తున్నారు. నా పాత విద్యార్థి ఒకడు వనపర్తి దగ్గర ఆ పనిలో ట్రాక్టర్ నడుపుతున్నాడు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్. "టీచర్, మీరు పాత బొమ్మలు కొంటరట గద. చెరువుల ఒకటి ఎల్లింది. లక్ష ఇస్తమని ఒకాయన అంటుండు. మీకైతే తక్కువకే ఇస్త." తెల్లారి పోయాను. గడ్డి కింద దాచిపెట్టాడు. మూడడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు పలక. కడిగి చూస్తే ఒక వరుసలో కూర్చున్న ఆడదేవతలు. కింద హంస, ఎద్దు, నెమలి, గరుత్మంతుడు, ఏనుగు. ఒకరికి పంది ముఖం. చివరి ఆమె ఎముకల గూడు. ఆ చివర వినాయకుడు, ఈ చివర వీణ పట్టుకున్న వీరభద్రుడు. సప్తమాతృకలు.

నా చేతులు వణికాయి. మా హాల్లో ఏ గోడకు పెడితే బాగుంటుందో కూడా మనసులో కొలిచేశాను. ఇది దాచడం నాకిష్టం లేదు కాబట్టి రాస్తున్నాను.

అప్పుడు కనిపించింది. నడిమి తల్లి ఒడిలో ఒక బిడ్డ. పలకలో మిగతాదంతా నీళ్లకు, మట్టికి సమానంగా మసకబారింది. ఆ బిడ్డ తల మాత్రం గోళీకాయలా నున్నగా ఉంది. ఎన్నో చేతులు తగిలితే తప్ప రాయి అలా కాదు. చెరువులోకి చేరక ముందు ఈ పలక ఎక్కడో గట్టున నిలబడి ఉంది. పిల్లలు కావాలనుకున్న ఆడవాళ్లు వచ్చి ఆ తల నిమిరి పోయారు. అది ఆ ఊరి ఆడవాళ్ల చేతి అరుగుదల. దాన్ని నేను మహబూబ్‌నగర్‌లో మా ఇంటి గోడకు ఎలా పెట్టుకుంటాను?

వాడికి కూర్చోబెట్టి చెప్పాను. భూమిలో దొరికిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం ఉంది. పైగా వందేళ్లు దాటిన శిల్పాల మీద 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. అది 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది: లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు, దేశం దాటించకూడదు. వాడికి కేసవుతుందేమోనని టెన్షన్. ఇద్దరం కలిసి తహసీల్దార్ దగ్గరికి పోయాం. పంచనామా అయింది. వాడికి ఏ ఇబ్బందీ రాలేదు. పలకను మాత్రం ఒక ఆఫీసు వరండాలో గోడకు ఆనించి ఎనిమిది నెలలు ఉంచారు. ముందట చెప్పులు విడిచేవాళ్లు. పోయినప్పుడల్లా నేను చెప్పులు పక్కకు జరిపి, ఒక అర్జీ ఇచ్చి వచ్చేదాన్ని. చివరికి మ్యూజియానికి చేరింది. పక్కన కార్డు మీద ఊరి పేరు, చెరువు పేరు ఉన్నాయి. నాకు అది చాలా పెద్ద సంగతి. ఆ లక్ష ఇస్తానన్న మనిషి చేతికి పోయి ఉంటే మొదట చెరిగిపోయేది ఆ రెండు పేర్లే.

ప్రకాశం జిల్లా చందవరం నుంచి ఇలాగే పోయిన ఒక సున్నపురాయి శిల్పం, బుద్ధుణ్ని కొలుస్తున్న భక్తులది, ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాకా పోయింది. 2016లో వాళ్లు తిరిగి ఇచ్చారు. అది ఇక్కడ ఉన్నప్పుడు తీసిన ఫోటో పెద్ద సాక్ష్యమైంది. అందుకే మీ ఊరి గుడిలో, చెట్టు కింద, చెరువు కట్ట మీద ఉన్న ప్రతి పాత విగ్రహాన్నీ ఫోన్‌తో ఫోటో తీసి పెట్టండి. ముందు నుంచి, వెనక నుంచి, పక్కన స్కేలు పెట్టి. నేను నా విద్యార్థులందరికీ ఈ పని అప్పజెప్పాను.

ఇక మా ఇంటి బాలకృష్ణుడు. మా అత్తమ్మకు వాళ్ల అత్త ఇచ్చింది. ఆమెకు ఆమె అత్త. నాలుగంగుళాల కంచు బొమ్మ, మోకాలి మీద పాకుతూ కుడిచేతిలో వెన్నముద్ద. ముఖం లేదు. కళ్లున్నచోట రెండు చిన్న లోతులు, ముక్కు పూర్తిగా పోయింది, నవ్వు ఉందనుకుంటే ఉంది. అత్తమ్మ ప్రతి శుక్రవారం చింతపండు, బూడిద వేసి తోమేది. నేను పుస్తకాలు చదివి వచ్చి పాత లోహాన్ని తోమకూడదని, పైపొర పోతుందని, ఇంకా అరిగిపోతుందని చెప్పాను. ఆమె చేతిలో పని ఆపకుండానే అంది: "నువ్వు పాతదాన్ని పాతగనే ఉంచాలంటవ్. దేవుడు పాతోడా? పసిపిల్లగాడు. తానం పోయకుండ ఎట్లుంచుతం?"

2007లో ఆమె పోయింది. సంవత్సరీకం దాకా నేను బాలకృష్ణుణ్ని తోమలేదు. మెత్తని గుడ్డతో తుడిచి దీపం పెట్టేదాన్ని. మెల్లగా గోధుమ రంగులోకి తిరిగాడు. మ్యూజియంలో అయితే అదే మంచిదంటారు, నిజమే కూడా. నా దగ్గర పెట్టెలో ఉన్న మిగతా కంచు బొమ్మలను నేను ఇప్పటికీ తోమను, తోమనివ్వను. పూజలో ఉన్న ఈయన సంగతి వేరని ఆ ఏడాదిలో తెలిసింది. తర్వాత వెండి కొట్లో రూపాయల పేరు చూసి వెనకవైపు రాత ఎలా పోయిందో చెప్పగలిగిన నేను, అప్పుడు మా ఇంట్లో అదే పనిని ఆపేశాను. సంవత్సరీకం మరుసటి శుక్రవారం చింతపండు నానబెట్టాను.

విగ్రహం వందేళ్లు దాటింది కాబట్టి ఆ 1972 చట్టం కింద రిజిస్టర్ చేయించాలి. ఫోటోలు తీయించి దరఖాస్తు పెట్టాను. వివరాలు రాసుకుంటున్న అబ్బాయి "ముఖం పాడైపోయింది అని రాయమంటారా మేడం?" అని అడిగాడు. అరిగింది అని రాయమన్నాను. కొంచెం తేడాగా చూసి అలాగే రాశాడు.

నాయిన పుస్తకంలో చివర ఇంకా కాగితాలు మిగిలి ఉన్నాయి. నా వస్తువులన్నీ వాటిలోనే రాస్తున్నాను, అవే నాలుగు గడులు గీసి. ప్రతి ఏడూ దీపావళి తర్వాత, కురుమూర్తి జాతర రోజుల్లో, అన్నిటినీ చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మీద మళ్లీ తూస్తాను. పెట్టెలో ఉన్నవాటి తూకం మారదు. బాలకృష్ణుడు 2007లో అత్తమ్మ పోయిన నెలలో 311.4 గ్రాములు. ఈసారి తోమి, తుడిచి, ఆరబెట్టి తూచాను. 310.9. నాలుగో గడిలో ఎర్ర పెన్నుతో అర గ్రాము అని రాసి, ఆయన్ను మళ్లీ పూజలో కూర్చోబెట్టాను.